ముందు రేకు, తర్వాత స్పాంజి, ఆఖర్న కుట్టు: పాత బైక్ సీటు మళ్లీ తయారుచేసిన అనుభవం

పాత బైక్ సీటు అనగానే అందరి కళ్లూ చిరిగిన రెక్సిన్ మీదే పడతాయి. పాత స్పాంజి మీదే కొత్త కవర్ లాగేస్తే మొదట్లో బాగానే ఉంటుంది. కొన్నాళ్లకు కూర్చునే చోట గుంట పడుతుంది, పక్కల ముడతలు వస్తాయి, వాన పడిన మర్నాడు ప్యాంటు తడుస్తుంది. కవర్ చిరగడానికి కారణం చాలావరకు దాని కిందే ఉంటుంది. తుప్పు పట్టిన రేకు అంచు లోపలి నుంచి కోస్తుంది. స్పాంజి కుంగితే కవర్ వదులవుతుంది, వదులైన చోట మడత పడుతుంది, మడత దగ్గరే పగులుతుంది. అందుకని ఈ పనిలో కుట్టు మిషన్ దగ్గరికి వెళ్లేది అన్నిటికన్నా చివర.

నేను చేసింది 1970ల నాటి రెండు సిలిండర్ల బైక్ సీటు. పొడవు 640 మి.మీ., ఇనుప రేకు బేసు, ఒక పక్క కీళ్ల మీద తెరుచుకునే రకం, ఇద్దరు కూర్చునేది. కింద రాసిన కొలతలు దానివి. వేరే బైక్‌కి అంకెలు మారతాయి, వరస మారదు.

అంతకన్నా పాతవాటిలో, వెనక సస్పెన్షన్ లేని ఫ్రేముల మీద, ఒక్కరికే సరిపడే స్ప్రింగు సీటు ఉండేది. షాక్ అబ్జార్బర్ చేయాల్సిన పని సీటు స్ప్రింగులే చేసేవి. వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే స్వింగ్ ఆర్మ్ మామూలయ్యాక, 1950లలో, పొడవాటి బల్లపరుపు సీట్లు స్థిరపడ్డాయి. స్ప్రింగు సీటుకి పని వేరు: ముందు పివట్ బోల్టు అరుగుదల, వెనక రెండు స్ప్రింగుల ఎత్తు సమానంగా ఉందా లేదా, స్ప్రింగు పట్టే లగ్గుల దగ్గర పగుళ్లు. ఈ మూడూ చూశాకే పైన తోలు సంగతి. ఒక స్ప్రింగే కుంగితే ఒక్కటే మార్చకూడదు, జత మార్చాలి. లేకపోతే నడుము ఒక పక్కకి వాలుతుంది.

విప్పే ముందు కొలతలు తీసుకోవాలి. సీటు తీసేశాక ఎంత గుర్తు చేసుకున్నా ఇవి దొరకవు. బైక్‌ని సెంటర్ స్టాండ్ మీద కాకుండా నేల మీద నిలువుగా పట్టుకుని, మనిషి కూర్చున్నప్పుడు మూడు కొలతలు తీశాను: నేల నుంచి సీటు ఎత్తు, సీటు నుంచి ఫుట్‌రెస్ట్ దాకా దూరం, ట్యాంకు వెనక అంచు నుంచి నడుము దాకా దూరం. సెంటర్ స్టాండ్ మీద బండి వాలు వేరుగా ఉంటుంది, అక్కడ మట్టంగా కనిపించిన సీటు రోడ్డు మీద వెనక్కో ముందుకో వాలుతుంది. ఈ సీటులో అసలు జబ్బు కూడా వాలే. బ్రేకు వేసినప్పుడల్లా మనిషి ట్యాంకు మీదికి జారుతున్నాడు.

ఇక విప్పడం. పట్టీ బోల్టులకీ, పక్కల మెరిసే అల్యూమినియం అంచుల స్క్రూలకీ ముందు రాత్రే తుప్పు వదిలించే నూనె వేసి ఉంచాలి. ఆ అంచుల స్టడ్లు పలచని రేకులో గుచ్చినవి, బలంగా తిప్పితే స్టడ్డుతో పాటు అంచే చిరుగుతుంది. మరలు చూసుకోవడం ముఖ్యం. జపాన్ బైక్‌లయితే మెట్రిక్, ఎక్కువగా ఎం6, అంటే 6 మి.మీ. బోల్టు. పాత బ్రిటిష్ బండ్లలో పావు అంగుళం సైకిల్ థ్రెడ్ ఉంటుంది, అంగుళానికి 26 మరలు. తర్వాత వచ్చిన యూఎన్ఎఫ్ అనే అంగుళాల సన్న మరకి 28. చూపుకి రెండూ ఒకటే. రెండు మూడు చుట్లు చేత్తో సులభంగా ఎక్కి, ఆ తర్వాత బిగుసుకుంటే అది వేరే థ్రెడ్ అని అర్థం. స్పానర్ పెట్టి తిప్పితే మర చెడుతుంది.

రేకు అంచున కవర్ని పట్టుకునే పళ్లు ఉంటాయి. వాటిని సన్నని స్క్రూడ్రైవర్‌తో కవర్ జారేంత వరకే, సగం కోణంలో లేపాలి. పూర్తిగా నిలువుగా లేపి మళ్లీ వంచితే, తుప్పు పట్టిన పన్ను విరిగిపోతుంది. నా దాంట్లో ఇరవై ఎనిమిదిలో ఆరు పోయాయి. వాటి స్థానంలో 4 మి.మీ. పాప్ రివిట్లు, వెడల్పు వాషర్లు వేశాను. పాత కవర్ని కోసెయ్యకూడదు. కుట్లు ఒక్కొక్కటే తెంపి ముక్కలు విడదీసి, ఏది ఎడమ, ఏది కుడి, ఏది ముందు అని వెనక రాసి పెట్టుకోవాలి. అది సాగిపోయి ఉంటుంది కాబట్టి నమూనాగా నేరుగా పనికిరాదు. అయితే ఎక్కడ అతుకు ఉంది, పైపింగ్ (అతుకు వెంట తాడు పెట్టి కుట్టిన ఉబ్బెత్తు అంచు) ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది అన్నది అది తప్ప ఇంకేదీ చెప్పదు.

స్పాంజి లేపితే సగం పొడి రాలింది. పాలీయురేథేన్ స్పాంజి ఏళ్ల తరబడి తేమలో ఉంటే లోపలి అతుకులు తెగి పొడిపొడి అవుతుంది. కొన్ని పాత సీట్లలో రబ్బరు పాలతో చేసిన స్పాంజి ఉంటుంది, అది గాలికి గట్టిపడి పసుప్పచ్చ పొడిగా మారుతుంది. రెండిటినీ అతికించి వాడుకోవాలనుకోవడం దండగ. పొడవు, అంచుల వంపు, పక్కల ఎత్తు కొలుచుకుని పారేయడమే.

రేకు దగ్గర తొందర పడకూడదు. వైరు బ్రష్‌తో తుప్పు మొత్తం గీకాక, స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడాలి. దిగబడిన చోట రేకు లేనట్టే. ఎక్కువగా పోయేవి కీళ్ల చుట్టూ, తాళం కొక్కెం దగ్గర, వెనక నీళ్లు నిలిచే పల్లంలో. పోయిన చోటు కోసి, ఒక మిల్లీమీటరు మందం రేకు ముక్క పెట్టి వెల్డింగ్ చేయాలి. ఒకే గీతగా లాగితే వేడికి రేకు మెలితిరుగుతుంది. 20 మి.మీ. దూరంలో చిన్న చిన్న టాకాలు వేసి, చల్లారనిచ్చి, మధ్యలో మళ్లీ వేస్తూ పోవాలి. ఇక్కడ ఒక చిక్కుంది. రేకుని విడిగా బల్ల మీద పెట్టి వెల్డింగ్ చేస్తే కీళ్ల రంధ్రాలు కదిలిపోతాయి, సీటు మూసినప్పుడు తాళం కలవదు. అలాగని బైక్ మీదే పెట్టి చేయడం అంతకన్నా ప్రమాదం, పక్కనే పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ. రెండు ఇనుప యాంగిళ్లకి ఫ్రేము మీద ఉన్న దూరంలోనే రంధ్రాలు వేసి, రేకుని దానికి బిగించి వెల్డింగ్ చేశాను. అరపూట పని. కానీ తర్వాత సీటు మొదటిసారే తాళం పడింది.

వెల్డింగ్ తర్వాత ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు ద్రావణం పూసి, కడిగి, బాగా ఆరబెట్టి, ఎపాక్సీ ప్రైమరు రెండు పూతలు, దాని మీద రంగు. అంచు మడత లోపలికి కూడా ప్రైమరు వెళ్లాలి, తుప్పు మళ్లీ మొదలయ్యేది అక్కడే. రేకులో కంపెనీ వేసిన రంధ్రాలు ఉంటాయి. తేమ రాకుండా అని వాటిని మూసేసేవాళ్లని చూశాను. మూస్తే లోపలికి వెళ్లిన నీరు బయటికి రాదు, కూర్చున్నప్పుడు స్పాంజిలోంచి పోవాల్సిన గాలి కుట్ల గుండా ఊదుకుంటూ పోతుంది, లేచినప్పుడు అదే దారిన నీళ్లు లోపలికి లాక్కుంటుంది. వాటిని తెరిచే ఉంచాలి.

రేకు పూర్తిగా పోయినవాళ్లు ఫైబర్‌గ్లాస్‌తో కొత్తది పోసుకోవచ్చు. ఫ్రేము మీద ప్యాకింగ్ టేపు అంటించి, మైనం రుద్ది, చదరపు మీటరుకి 450 గ్రాములు తూగే గాజునార మ్యాట్ మూడు పొరలు రెసిన్‌తో వేస్తే మనిషి బరువుకి ఆగుతుంది. బోల్టులు వచ్చే చోట మరో రెండు పొరలు, మధ్యలో ఒక ఇనుప పట్టీ పెట్టాలి. రెసిన్ బండి మీద కారితే మళ్లీ వదలదు, కాబట్టి ట్యాంకు తీసేసి మిగతాదంతా ప్లాస్టిక్ షీటుతో కప్పాలి. ఆకారాన్ని మార్చేవాళ్లు తప్పక చూడాల్సింది వెనక చక్రం. షాక్ అబ్జార్బర్లు విప్పి, చక్రాన్ని లోపలికి పూర్తిగా ఎత్తి, టైరుకీ రేకుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవాలి. ఎత్తు తగ్గించాలని బేసునే కిందికి దించినవాళ్లకి మొదటి గోతిలో టైరు తగులుతుంది.

ఇక స్పాంజి. ఈ పనికి గుండెకాయ ఇదే.

కొనేటప్పుడు రెండు గుణాలు విడిగా అడగాలి: సాంద్రత ఎంత, గట్టితనం ఎంత. సాంద్రత అంటే ఘనపు మీటరుకి ఎన్ని కిలోలు అని. అది ఎక్కువైతే స్పాంజి ఎక్కువకాలం నిలుస్తుంది. గట్టితనం అంటే నొక్కితే ఎంత లొంగుతుంది అని. మెత్తగా ఉన్నదంతా నాసిరకం కాదు, గట్టిగా ఉన్నదంతా మన్నేదీ కాదు. తక్కువ సాంద్రతతో గట్టిగా చేసిన చౌక స్పాంజి కొత్తలో బాగా అనిపించి, త్వరగా కుంగిపోతుంది. పరుపుల స్పాంజి ఇక్కడ పనికిరాకపోవడానికి కారణం ఇంకొకటి. పరుపు మీద బరువు ఒళ్లంతా పంచుకుంటుంది, సీటు మీద దాదాపు మొత్తం బరువు రెండు కూర్చునే ఎముకల మీదే పడుతుంది. అరచేయంత చోట అంత బరువు పడితే మెత్తటి స్పాంజి నేరుగా రేకుకి తగులుతుంది.

అందుకే ఒకే ముక్క కాకుండా మూడు పొరలు వేశాను. అడుగున 25 మి.మీ. రీబాండెడ్ స్పాంజి, అంటే తునకలు నొక్కి అతికించి చేసినది, సాంద్రత 90 దాకా. దాని మీద 35 మి.మీ. హెచ్ఆర్ (హై రెసిలియెన్స్) రకం, అంటే నొక్కి వదిలితే చప్పున పైకి లేచేది, సాంద్రత 50. పైన 10 మి.మీ. మెత్తటిది. మొత్తం 70. కూర్చున్నాక నాలుగో వంతు దిగుతుంది అనుకుంటే ఇంకా 50కి పైగా మిగులుతుంది, కూర్చునే ఎముకల కింద అంతకన్నా తగ్గకూడదన్నది నా లెక్క. మెమరీ ఫోమ్ పైపొరగా చాలామంది అడుగుతారు. అది వేడికి మెత్తబడి, చలికి గట్టిపడే రకం. చలికాలం పొద్దున చెక్కలా ఉంటుంది, ఎండలో పెట్టిన బండి మీద ముద్దలా దిగిపోతుంది. 10 మి.మీ. మించి వేయడం నాకు నచ్చదు.

పొరలు అతికించడానికి కాంటాక్ట్ గమ్. రెండు వైపులా పలచగా పూసి, వేలికి అంటనంత వరకు, పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు కలపాలి. తడిగా కలిపితే లోపల ఆరక జారుతూనే ఉంటుంది. గమ్ మందంగా పడితే ఆరాక గట్టి పొరలా తయారై కింద గుచ్చుకుంటుంది. అందుకే పై పొర కింద కూర్చునే చోట చుక్కలుగా మాత్రమే వేసి, అంచుల దగ్గర నిండుగా పూశాను. అతికిన చోట మళ్లీ లేపలేం, కాబట్టి మధ్య గీత రేకు మీదా స్పాంజి మీదా గీసుకుని, ముందు నుంచి వెనక్కి పరుచుకుంటూ రావాలి.

చెక్కడానికి మొదట పొడవాటి హాక్సా బ్లేడు లేదా పదునైన పొడవు కత్తి. కత్తిని నొక్కకూడదు, రంపంలా లాగాలి. నొక్కితే స్పాంజి అణిగి, వదిలాక కోత వంకరగా తేలుతుంది. పెద్ద ముక్కలు పోయాక యాంగిల్ గ్రైండర్‌కి 40 నంబరు శాండ్ డిస్కు, తక్కువ వేగంలో. ఎక్కువ వేగంలో స్పాంజి కరిగి డిస్కుకి అంటుకుని, ఒక్క క్షణంలో గుంట తవ్వేస్తుంది. ఆఖరికి చేత్తో 80 నంబరు కాగితం. దుమ్ము సన్నగా, తేలిగ్గా ఉండి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మంచి మాస్కు తప్పదు. వేడి తీగతో కోసేవాళ్లూ ఉన్నారు. పాలీయురేథేన్ మాడితే వచ్చే పొగ విషం, ఆ పద్ధతి వద్దంటాను.

ఆకారం విషయంలో జనం చేసే పెద్ద తప్పు, కాలు నేలకి అందాలని కూర్చునే చోట లోతుగా తవ్వడం. 25 మి.మీ. తవ్వితే సీటు 25 తగ్గుతుంది, స్పాంజి మందం మూడో వంతు పోతుంది, మోకాలు అంత ఎక్కువ వంగుతుంది. అదే ముందు భాగం వెడల్పు తగ్గిస్తే తొడలు దగ్గరవుతాయి, కాలు నిటారుగా దిగుతుంది, స్పాంజి మందం అలాగే ఉంటుంది. నా సీటు ముందు 250 ఉండేది, 205కి తెచ్చి, పై అంచుల్ని 30 మి.మీ. వ్యాసార్థంతో గుండ్రం చేశాను. ఎత్తు ఒక్క మిల్లీమీటరు తగ్గించకుండానే మడమలు నేల తాకాయి. వెనకవైపు, ఎముకలు ఆనే చోట, వెడల్పు తగ్గించకూడదు. అక్కడ 270 ఉంచాను, పైభాగం దాదాపు బల్లపరుపుగా. అటూ ఇటూ గుండ్రంగా దిగే సీటు చూడ్డానికి అందంగా ఉంటుంది, కానీ బరువు మధ్య నరాల మీద పడి తిమ్మిరి ఎక్కుతుంది.

జారుడు సంగతి. ఖాళీ సీటు మీద మట్టం పెట్టి చూస్తే సరిగ్గానే కనిపించింది. మనిషి కూర్చుంటే వెనకవైపు స్పాంజి తక్కువ దిగి, ముందువైపు ఎక్కువ దిగి, వాలు వస్తోంది. ముందు భాగంలో మధ్య పొరని గట్టి రకంతో మార్చి, కూర్చునే చోట వెనక అంచు 8 మి.మీ. చెక్కాను. కూర్చున్నప్పుడు మట్టంగా, లేదా అతి కొంచెం వెనక్కి వాలి ఉండాలి.

కవర్ కుట్టేముందు స్పాంజి మీదే బండి నడపాలి. పలచని పాత దుప్పటి చుట్టి, టేపుతో బిగించి, కనీసం 45 నిమిషాలు. మొదటి పది నిమిషాల్లో ఏ సీటైనా బాగుంటుంది. నొప్పి ఎక్కడ మొదలైందో గుర్తుపెట్టుకుని, దిగగానే మార్కర్‌తో గీసి, అక్కడ 3 నుంచి 5 మి.మీ. మాత్రమే తీయాలి. ఎక్కువ తీసేస్తే ముక్క అతికించాల్సి వస్తుంది. అప్పుడు అతికే ముక్క అంచుని నిలువుగా కాకుండా 40 మి.మీ. పొడవున ఏటవాలుగా పలచన చేసి అతికిస్తేనే మెట్టు తగలదు. నాకు మూడుసార్లు నడపాల్సి వచ్చింది.

నమూనా తీయడానికి స్పాంజి మీద వంటింట్లో వాడే పలచని ప్లాస్టిక్ చుట్టి, దాని మీద మాస్కింగ్ టేపు అడ్డంగా నిలువుగా రెండు పొరలు వేశాను. అతుకులు రావాల్సిన చోట గీతలు గీసి, ప్రతి 50 మి.మీ.కి అడ్డ గుర్తులు పెట్టి, గీతల వెంట కోసి విప్పితే ముక్కలు బల్లపరుపుగా పరుచుకుంటాయి. ఎడమ సగం ఒక్కటే తీసుకుని కాగితం మీద తిరగేసి కుడి సగం గీయాలి, రెండు పక్కలూ విడివిడిగా తీస్తే సీటు వంకర కనిపిస్తుంది. కుట్టుకి 12 మి.మీ. కలిపి, అడుగున రేకు కిందికి మడవడానికి 50 మి.మీ. వదలాలి. పక్క ముక్కల పొడవులో, మొత్తం మీద, 5 మి.మీ. తగ్గించాను. కవర్ కొంచెం బిగుతుగా ఉంటేనే ముడతలు రావు.

రెక్సిన్ అని మనం అనేది ఇప్పుడు పీవీసీ పూసిన బట్ట. అసలు రెక్సిన్ అనేది నైట్రోసెల్యులోజ్ పూసిన బట్టకి ఒక బ్రిటిష్ వ్యాపారనామం, పేరు మిగిలింది, సరుకు మారింది. మందం 1 నుంచి 1.2 మి.మీ., వెనక అల్లిక (నిట్) బట్ట ఉన్నది తీసుకోవాలి. నేత బట్ట ఉన్నది సాగదు, వంపుల దగ్గర ముడత పడుతుంది. అల్లిక బట్ట ఒక దిక్కున ఎక్కువ సాగుతుంది, ఆ దిక్కు సీటు అడ్డంగా రావాలి. దారం పాలిస్టర్, పోగులు విడిపోకుండా పూత వేసిన బాండెడ్ రకం, మందం టెక్స్ 70, సూది నంబరు 110/18. నూలు దారం కుళ్లుతుంది, నైలాన్ ఎండకి పాలిస్టర్ అంత నిలవదు. కుట్టు పొడవు 4 మి.మీ. దగ్గరగా కుడితే గట్టిగా ఉంటుందనుకుంటారు, కానీ రంధ్రాలు వరసగా పడి స్టాంపు చింపినట్టు చిరుగుతుంది. పైపింగ్‌కి 4 మి.మీ. తాడు. వంపు దగ్గర పైపింగ్ అంచుకి 10 మి.మీ.కి ఒకటి చొప్పున గాట్లు పెట్టాలి. ముందు ఏదైనా పాత గుడ్డతో ఒకసారి కుట్టి తొడిగి చూడటం మంచిది. రెక్సిన్‌లో తప్పు కుట్టు విప్పినా రంధ్రం పోదు.

నీళ్లు లోపలికి వెళ్లే దారి ఆ రంధ్రాలే. అందుకే కూర్చునే చోట అడ్డంగా కుట్టు వేయకుండా, పైముక్క ఒకటే ఉంచి అతుకుల్ని పక్క అంచులకి దించాను. లోపలివైపు కుట్ల మీద సీలర్ పూశాను. అడ్డగీతల డిజైన్ కావాలనుకునేవాళ్లు దాన్ని 5 మి.మీ. పలచని స్పాంజితో కలిపి కుట్టి, వాన వచ్చినప్పుడు సీటు మీద ఏదైనా కప్పుకోవాల్సిందే.

తొడగడానికి కవర్ని గంటసేపు ఎండలో పెట్టాలి, ఎండ లేకపోతే హెయిర్ డ్రయ్యర్ చాలు. హీట్ గన్ దగ్గరగా పెడితే రెక్సిన్ మీది తోలులాంటి గరుకు అచ్చు పోయి నిగనిగలాడే మచ్చ పడుతుంది, అది మళ్లీ పోదు. ముందు మధ్యలో పట్టించి, వెనక లాగి మధ్యలో పట్టించి, తర్వాత ఎడమ మధ్య, కుడి మధ్య. అక్కడి నుంచి ఎదురెదురుగా, మూలల వైపు. ఒక పక్క మొత్తం పూర్తి చేసి రెండో పక్కకి వెళితే పైపింగ్ గీత ఒంకర పోతుంది. మూలల్లో మిగిలిన రెక్సిన్‌ని చిన్న చిన్న మడతలుగా పంచి, పళ్ల కింద రెండు పొరలుగా మడిచి గుచ్చాలి. ప్లాస్టిక్ బేసయితే స్టీలు పిన్నులు, 6 మి.మీ.వి చాలు, పొడవైనవి అవతలికి వచ్చి స్పాంజిని గీరుతాయి.

చివరగా సీటు ఫ్రేము మీద ఆనే చోట ఉండే రబ్బరు బుష్‌లు. పాతవి నలిగి ఉంటే రేకు ఫ్రేముని తాకి, కింద పోయే వైరింగ్‌ని నలుపుతుంది. కొత్తవి వేసి, రేకు అంచుకి యు ఆకారపు రబ్బరు తొడిగాను. సీటు మూసి, రెండు మూడు రోజులు తిరిగాక, మళ్లీ తెరిచి చూడాలి: రేకు అడుగున వైరు రాసిన గీత ఉందా, వైరు మీద మెరుపు వచ్చిందా, టైరు తగిలిన బురద గుర్తు ఉందా. స్పాంజి ఈలోపు 3, 4 మి.మీ. సర్దుకుంటుంది. అప్పుడు ఎక్కడైనా సన్నని ముడత తేలితే, అక్కడి పన్ను ఒక్కటి లేపి, వేడి చేసి, ఇంకొంచెం లాగి మూస్తే పోతుంది.